శ్రీకాకుళపు లోలకము, లండను లెక్క

తొలకరి వానలు కురిసి నాగావళీ వంశధారలలో ఎఱ్ఱనీరు కదలు దినములలోనే మన ఉత్తరాంధ్ర కళాశాలలకు క్రొత్త విద్యార్థులు వచ్చుచుందురు. టెక్కలి, నరసన్నపేట, ఆమదాలవలస, బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరము మొదలగు చోట్ల నుండి బాలబాలికలు పెట్టె బేడలతో పట్టణములకు చేరుదురు. వీరిలో భౌతికశాస్త్రము కోరినవారికి గాని, ఇంజనీరింగున చేరినవారికి గాని తొలియేటనే ఎదురగు శాస్త్రము యాంత్రికశాస్త్రము. వస్తువు ఏల కదలును, ఏల నిలుచును, ఏల తిరుగును, ఏల ఒరిగిపోవును అను ప్రశ్నలకు ఇది సమాధానము చెప్పును. న్యూటను మహాశయుడు 1687లో ప్రకటించిన మూడు సూత్రములే దీనికి మూలకందము. ఆ మూడు సూత్రములను అప్పజెప్పలేని విజ్ఞానశాస్త్ర విద్యార్థి మన జిల్లాలలో అరుదు. అప్పజెప్పువారిలో వానిని నమ్మువారెందరు? ఇదియే నేటి మా ప్రశ్న.

పత్రికలకు ఈ చర్చ ఏలయని కొందరనవచ్చును. ధాన్యమమ్మియో, జీడితోట కౌలుకిచ్చియో ఫీజులు కట్టు తండ్రులు ఈ పత్రికను చదువుచున్నారు. తాము కొనుచున్నది విద్యయో, విద్య అచ్చువేసిన కాగితమో తెలిసికొను హక్కు వారికున్నది.

ప్రయోగశాలలో విద్యార్థిచే చేయించు మొదటి పనులలో లోలకము ఊపుట యొకటి. దారమునకు గుండు కట్టియో, ఇనుప బద్దను వ్రేలాడదీసియో ఊపి, ఒక్కొక్క ఊపునకు పట్టు కాలమును కొలిచి, దానినుండి గురుత్వ త్వరణమును గణింపవలెను. క్రిందపడు వస్తువు వేగము ఒక్కొక్క సెకనుకు ఎంత హెచ్చునో తెలుపు పరిమాణమిది. పాఠ్యపుస్తకమున దాని విలువ 9.81 అని యుండును. విద్యార్థి రికార్డు తెరచి చూచినచో పెక్కుసారులు అందును 9.81 అనియే యుండును. ఇంత చక్కగా ఎట్లు కుదిరినది? జవాబును ముందు వ్రాసికొని, దానికి తగిన కాలమును వెనుకకు గణించి, గడియారము చూచినట్లు పట్టికలో నింపుట యను విద్య మన కళాశాలలలో సీనియర్ల నుండి జూనియర్లకు గురుపరంపరగా సంక్రమించుచున్నది. పరీక్షకులును దీనిని ఎరుగుదురు. ఎరిగియు మార్కులు వేయుచున్నారు.

ఈ ముచ్చటలో ఒక విశేషమున్నది. భూమి సంపూర్ణ గోళము కాదు. అది ధ్రువములకడ కొంచె మణగియు, మధ్యరేఖకడ ఉబ్బియు ఉన్నది. పైగా తన చుట్టు తాను తిరుగుచున్నది. ఈ రెండు కారణములచేత గురుత్వ త్వరణము ఎల్లచోట్ల సమానముగా నుండదు. సముద్రమట్టమున అది మధ్యరేఖకడ 9.780, ధ్రువములకడ 9.832. లండను నగరమున 9.81. పదునెనిమిదవ అక్షాంశమునకు కొంచెము ఉత్తరముగా, సముద్రమునకు చేరువగా నున్న శ్రీకాకుళమునకు లెక్కగట్టినచో వచ్చునది 9.785 ప్రాంతము. అనగా మన పిల్లవాడు నాగావళి యొడ్డున కూర్చుండి థేమ్సు నది యొడ్డున కొలిచినట్లు వ్రాసి చూపుచున్నాడు! పరాయి పాలన 1947లో తొలగినది. పరాయి కొలత మాత్రము మన ప్రయోగశాలలలో సుఖముగా నున్నది.

ఇంత స్వల్పమైన తేడా కళాశాల పరికరములకు చిక్కునా యని సందేహింపవచ్చును. మీటరు పొడవు గల లోలకము ఒకసారి పోయి వచ్చుటకు రెండు సెకనులకు కొంచెము పైగా పట్టును. లండనులోను శ్రీకాకుళములోను ఈ కాలమునకు గల తేడా ఒక్క యూపులో కంటికానదు. కాని 200 ఊపులు లెక్కించినచో అది అర సెకను దాటును. పొడవును మిల్లీమీటరు తప్పకుండ కొలిచి, ఓపికగా నిలిచి లెక్కించిన విద్యార్థికి అది చిక్కును. ఆ ఓపికయే యాంత్రికశాస్త్రము నేర్పదలచిన మొదటి పాఠము.

1672లో జాన్ రిషే యను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికాలో మధ్యరేఖకు చేరువనున్న కాయెన్ పట్టణమునకు పోయెను. పారిసులో సరిగా నడచిన లోలక గడియారము అచ్చట దినమునకు రెండు నిమిషములకు పైగా వెనుకబడుచుండెను. అతడు గడియారమును తిట్టలేదు, పారిసు విలువనే వ్రాసి పంపలేదు. చూచినది చూచినట్లు వ్రాసెను. న్యూటను ఆ లెక్కను తన గ్రంథమున గైకొని, భూమి ధ్రువములకడ అణగియున్నదను వాదమునకు సాక్ష్యముగా నిలిపెను. మన రికార్డుల పద్ధతి రిషేకు తెలిసియుండినచో అతనికి పూర్తి మార్కులు వచ్చియుండెడివి. ఈ ఆధారము మాత్రము లోకమునకు దక్కియుండెడిది కాదు.

రికార్డు అబద్ధము బయటి రోగము. లోపలి రోగము ఇంకొకటి కలదు. పాఠకులలో ఎవరి యింటనైనను ఇంటర్మీడియేటులో నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడున్నచో ఈ ప్రశ్న నడిగి చూడుడు: బంతిని నిలువుగా పైకి ఎగురవేసితిమి; అది చేతిని విడిచి ఇంకను పైకి పోవుచున్నది; ఆ క్షణమున దానిపై పనిచేయు బలములేవి? చేయి ఇచ్చిన బలము పైకి, భూమి లాగు బలము క్రిందకు అని చెప్పువారే ఎక్కువ. కొనకు చేరినప్పుడు రెండును సమానమై బంతి నిలుచుననియు, అచ్చట త్వరణము సున్న యనియు కూడ చెప్పుదురు. ఇది తప్పు. చేతిని విడిచిన పిదప చేయి బంతినేమియు చేయజాలదు. గాలి యొరిపిడిని లెక్కలోనికి తీసికొననిచో బంతిపైనున్నది భూమ్యాకర్షణ మొక్కటియే. అది పోవునప్పుడును, కొనయందును, వచ్చునప్పుడును ఒక్క తీరుననే యుండును. కొనయందు వేగము సున్న. త్వరణము సున్న కాదు, సున్నయే యైనచో బంతి అచ్చటనే నిలిచిపోవలసియుండును. న్యూటను మొదటి సూత్రమును తప్పులేక అప్పజెప్పిన నోటనే ఈ సమాధానమును వచ్చుచుండుట విచారింపదగినది.

పిల్లవాడు మందబుద్ధియని మేమనము. అతని భావమునకు గొప్ప వంశము కలదు. మన వైశేషికులలో ప్రశస్తపాదుడు వేగమును సంస్కారములలో నొకటిగా లెక్కించెను. త్రోపు మొదలగువానిచే వస్తువునందు వేగము పుట్టి, దానిని ఒకే దిక్కుగా నడపుచు, గట్టి వస్తువుల తాకిడిచే నశించునని ఆయన మతము. పశ్చిమమున ఆరవ శతాబ్దమున ఫిలోపొనసును, పదునాలుగవ శతాబ్దమున పారిసు పండితుడు బూరిడానును దీనికి చేరువయగు మాటలే పలికిరి. మహాపండితులు శతాబ్దముల తరబడి పట్టుకొనియున్న భావమును పదునెనిమిదేండ్ల బాలుడు ఒక్క వారములో విడువవలెననుట న్యాయము కాదు. న్యూటను చెప్పినదంతయు కణాదుడు ముందే చెప్పెనని సభలలో చప్పట్లు కొట్టించుకొనువారు కొందరున్నారు. కణాదునికి గాని ప్రశస్తపాదునికి గాని అట్టి యెరువు కీర్తి అక్కరలేదు. వారు కదలికకు కారణమును వెదకిరి. సమవేగముతో సూటిగా సాగు కదలికకు కారణమే అక్కరలేదు, కదలిక మారుటకే కారణము కావలెను అనుట న్యూటను మార్గము. ఈ రెంటికి గల దూరము తెలియని వాడు ఉభయులను తెలియనివాడే.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 1992లో అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున హెస్టెనెస్ అను ఆచార్యుడు తన సహచరులతో గూడి, గణితమక్కరలేని చిన్న ప్రశ్నల పత్రము నొకదానిని ప్రకటించెను. అందు బలమును గూర్చిన సామాన్యమైన ప్రశ్నలే యుండును. ప్రతి ప్రశ్న క్రిందను జనుల సహజమైన పొరపాట్లు కూడ జవాబులుగా నిలిచియుండును. హార్వర్డులో ఎరిక్ మాజూర్ అను ఆచార్యుడు ఇట్టి ప్రశ్నలను తన శిష్యులకిచ్చి నివ్వెరపోయెను. కఠినమైన లెక్కలు చేయగలవారే సులభమైన ప్రశ్నలలో తడబడిరి. అప్పటినుండి ఆయన ఉపన్యాసమును తగ్గించి, ఒక ప్రశ్న వేసి, విద్యార్థులు ప్రక్కవారితో వాదించి జవాబును తేల్చుకొను పద్ధతిని అవలంబించెను. మన శాస్త్రపాఠములందు పూర్వపక్షమును చక్కగా నిలిపిన పిదపనే సిద్ధాంతము చెప్పుట ఆచారము. విజయనగరము సంస్కృత కళాశాల గల యూరిలో ఈ పద్ధతి అమెరికా నుండి రావలసి యుండునా? యాంత్రికశాస్త్ర తరగతిలో విద్యార్థి మనసులోని భావమే పూర్వపక్షము. దానిని వినకయే సిద్ధాంతమును నల్లబల్లపై వ్రాసినచో రెండును ఒకే బుఱ్ఱలో వేరువేరు గదులలో కాపురముండును; ఒకటి పరీక్షకు, ఒకటి బ్రతుకునకు.

ఎద్దుబండి నడిపినవారికి మరియొక ప్రశ్న. ఎద్దు బండిని ఎంత బలముతో లాగునో బండి ఎద్దును అంత బలముతోనే వెనుకకు లాగునని మూడవ సూత్రము. మరి బండి కదలుట యెట్లు? రెండు బలములు సమానమే; కాని ఒకటి బండిపైనున్నది, రెండవది ఎద్దుపైనున్నది. ఒక వస్తువు కదలికను విచారించునప్పుడు ఆ వస్తువుపైనున్న బలములనే కూడవలెను. ఎద్దు గిట్టలతో నేలను వెనుకకు త్రోయును, నేల ఎద్దును ముందుకు త్రోయును. బురదలో గిట్ట జారినప్పుడు ఎంత బలమైన ఎద్దయినను బండిని లాగలేకపోవుట రైతు చూచినదే. ఆ రైతు కుమారుడు కళాశాలలో ఈ లెక్కకు ఏ పుస్తకములోనో గుఱ్ఱపు బొమ్మను చూచి కంఠస్థము చేయుచున్నాడు.

యాంత్రికశాస్త్రమునకు మన ప్రాంతము పేదది కాదు. ఏతము త్రొక్కిన తాతలు మనకున్నారు. ఏతపు మాను మీద మనిషి ముందుకు వెనుకకు నడచుచు తన బరువుతోనే నూతి నీటిని పైకి తెచ్చెడివాడు. మోటారు పంపులు వచ్చి ఏతములు దాదాపు మాయమైనవి గాని, బలమును దూరముచే గుణించిన గుణకారమే త్రిప్పుటకు కారణమను సూత్రమునకు అంతకు మించిన బొమ్మ లేదు. ఏతమును చూడనివారు విజయదశమి పిమ్మట మంగళవారమున విజయనగరపు పైడితల్లి సిరిమానును చూచియే యుందురు. సుమారు 50, 60 అడుగుల మాను బండిపై ఏటవాలుగా నిలిచి, కొనయందు పూజారి ఆసీనుడై, కోటకును గుడికిని నడుమ మూడుమారులు సాగును. లక్షలాది జనులు భక్తితో చూతురు. చూచుచునే లెక్క వేసినచో అమ్మవారికి కోపము రాదు.

లెక్క ఇట్టిది. ఇరుసు నుండి పూజారి మాను పొడవున 12 మీటర్ల దూరముననున్నాడనియు, ఆయన బరువు 60 కిలోలనియు అనుకొందము. గుణించిన 720. ఇరుసునకు ఈవలి వైపు 3 మీటర్ల దూరమున సరిపుచ్చవలెనన్న 240 కిలోల బరువు కావలెను. మాను స్వంత బరువు వేరుగా చేర్చుకొనవలెను. మొదలు లావుగాను కొన సన్నముగాను ఉండుటచే దాని గరిమనాభి మొదలువైపునకు జరిగి మనకు సాయపడును. ఇచ్చట ఒక చక్కని సంగతి కలదు. మానును ఇంకొంచెము నిలువుగా ఎత్తితిమి. పూజారి ఇరుసునకు చేరువయైనట్లు కనబడును. మొదటి బరువుకూడ అదే పాళ్ళలో చేరువయగును. కావున బరువులు, ఇరుసు ఒకే వరుసలోనున్నచో ఏ వాలునకైనను అదే తూకము నిలుచును. బండిచక్రము గుంటలో పడినప్పుడు కొననున్న పూజారి ఎంత ఊగును, బండి ఒరగకుండుటకు చక్రముల నడుమ వెడల్పెంత కావలెను, ఇవి రెండవ మూడవ లెక్కలు. ఒక సిరిమాను మీద పక్షము దినముల పాఠము చెప్పవచ్చును.

పొందూరు మాట చెప్పక వదలుట మా బోంట్లకు సాధ్యము కాదు. శ్రీకాకుళము జిల్లాలోని ఆ గ్రామపు సన్ననూలు ఖాదీ దేశమంతట ప్రసిద్ధము; వాలుగ చేప దవడతో ప్రత్తిని దువ్వు పనివారి ఓర్పు అంతకన్న ప్రసిద్ధము కావలసినది. అచ్చటి రాట్నమే ఒక ప్రయోగశాల. పెద్ద చక్రమును కదురును ఒకే మాల చుట్టియుండుటచే రెంటి అంచుల వేగము సమానము. కాబట్టి చక్రపు వ్యాసము కదురు వ్యాసమునకు ఎన్ని రెట్లో, చక్రము ఒక్క చుట్టు తిరుగులోపల కదురు అన్ని చుట్లు తిరుగును. చక్రపు బరువును అంచునకు చేర్చుట ఏల మేలు? చేయి ఆగినను చక్రము సాగుటకు. జడత్వ భ్రామకమను భయంకరమైన పేరు గల పాఠమంతయు ఇందున్నది. 1929లో అఖిల భారత చరఖా సంఘమువారు మెరుగైన రాట్నమునకు లక్ష రూపాయల బహుమానము ప్రకటించిన సంగతి ఎందరు భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలియును? గాంధీమహాత్ముడు నడిపిన ఉద్యమము దేశమునకు ఇచ్చిన యాంత్రికశాస్త్రపు లెక్క అది.

ఇక భాష. రాష్ట్ర ప్రభుత్వము 2021-22 నుండి డిగ్రీ కళాశాలలన్నిటను ఇంగ్లీషు మాధ్యమమును విధించినది. ఆ 2021లోనే అఖిల భారత సాంకేతిక విద్యామండలి కొన్ని కళాశాలలలో తెలుగుతో సహా దేశభాషలలో ఇంజనీరింగు చెప్పుటకు అనుమతించినది! ఒక చేయి తలుపు తీయుచుండగా మరియొక చేయి మూయుచున్నది. ఇంగ్లీషు వలదని మేమనుట లేదు. పరిశోధనకు, ఉద్యోగమునకు అది అవసరము. కాని బలమును గూర్చిన పాత భావమును విడుచుటకు విద్యార్థి తనలో తాను వాదించుకొనవలెను. ఆ వాదము తల్లిభాషలోనే సాగును. తరగతిలో మాత్రము అతనికి నోరు లేదు; తప్పు ఇంగ్లీషు పలుకుట కంటె మౌనము మేలని కూర్చుండును. వాదింపని పూర్వపక్షము చావదు.

1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి డిగ్రీ తరగతులకు తెలుగున పుస్తకములు వేసి, ద్రవ్యవేగము, ప్రచోదనము, అభికేంద్ర బలము మున్నగు పదములను స్థిరపరచినది. ఆ కృషి గొప్పది. పదములు కొన్ని మిక్కిలి సంస్కృతమయములను ఆక్షేపణ లేకపోలేదు. ద్రవ్యవేగమునకు పల్లెలో 'ఊపు' అందురు, ఘర్షణమునకు 'ఒరిపిడి' యందురు. ఈ మాటలతో మొదలుపెట్టి ఆ మాటలకు పోవుట సుఖము. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళము చెంతనే జన్మించిరి. ఇంత గ్రాంథికమున ఈ మాట వ్రాయుచున్నందుకు వారి యాత్మ మమ్ము చూచి నవ్వుచుండవచ్చును. పాఠశాల తరగతులకు ఒక పుటను తెలుగు, ఎదుటి పుటను ఇంగ్లీషు గల పుస్తకములు ఇప్పటికే వచ్చినవి. తొలియేటి యాంత్రికశాస్త్రమునకును అట్టి పుస్తకము ప్రతి విద్యార్థి చేతిలో నుండుట న్యాయము.

భవనములు చాలవని నేడెవరును అనజాలరు. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయము 2008లో వెలసినది. విజయనగరమున గురజాడ పేర సాంకేతిక విశ్వవిద్యాలయము 2022లో ఏర్పడినది. ఇవేవియు లేని కాలమున, 1857లో పాఠశాలగా పుట్టి 1879లో కళాశాలయైన విజయనగర మహారాజా కళాశాలయందు భౌతికశాస్త్రాచార్యులు ఎ. ఎల్. నారాయణ్ గారు 1920 ప్రాంతముల వర్ణపట పరిశోధనలు గావించి విదేశీయ పత్రికలలో ప్రకటించిరి. తరువాత కొడైకెనాల్ ఖగోళ పరిశోధనాలయమునకు అధిపతులైరి. వారితో కలిసి పనిచేసిన కోచెర్లకోట రంగధామరావుగారు లండనులో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పరిశోధించి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమునకు ప్రతిష్ఠ తెచ్చిరి. వర్ణపటపు గీత ఎచ్చట పడినదో అచ్చటనే యున్నదని వ్రాయవలెను. పుస్తకములో నున్నచోటికి దానిని జరుపువారు ఆ విద్యకు పనికిరారు.

విశ్వవిద్యాలయముల వారిని మేము కోరునది ధనవ్యయముతో గూడినది కాదు. ప్రయోగ పరీక్షలో జవాబునకు కాక కొలతకు మార్కులు వేయుడు. తొలి వారమున బంతి ప్రశ్న వంటివి ఇరువది తెలుగున అచ్చువేసి యిచ్చి, సెమిస్టరు తుదిని అవియే మరల ఇచ్చి, ఎందరి భావము మారినదో కళాశాలవారీగా ప్రకటింపుడు. తండ్రులకు ర్యాంకుల ప్రకటనల కంటె అది ఉపకరించును. లోలకముతో 9.81 తెచ్చిన విద్యార్థిని పరీక్షకుడు ఆపి, దారపు పొడవును గుండు మధ్యము వరకు కొలిచితివా, పైభాగము వరకా, ఎన్ని ఊపులు లెక్కించితివి, గడియారమును ఏ కొననుండి మొదలుపెట్టితివి అని అడుగవలెను. 9.76 తెచ్చి, ఆ ప్రశ్నలకు తడుముకొనక చెప్పగలిగిన పిల్లవానికి ఎక్కువ మార్కులు వేయవలెను.